గన్నవరం అంటే ఏ గన్నవరం? ఊరి పేరు వెనుక అన్నం కథ

విజయవాడ బస్టాండులో ‘గన్నవరం’ అని అడిగితే కండక్టరు విమానాశ్రయం ఉన్న గన్నవరానికి టిక్కెట్ కొడతాడు. అదే మాట రావులపాలెంలోనో, అమలాపురంలోనో అంటే కోనసీమలోని పి.గన్నవరం టిక్కెట్ చేతికి వస్తుంది. అక్కడ దిగాక కూడా ప్రశ్న తీరదు. వెళ్లాల్సింది మండల కేంద్రానికా, లేక లంకల గన్నవరానికా అన్నది తేల్చుకోవాలి. పెళ్లి శుభలేఖ మీద ఆ ఒక్క అక్షరం రాయడం మరిచిపోతే చుట్టాలు జిల్లా దాటిపోయే ప్రమాదం ఉంది. పిన్‌కోడ్ 533తో మొదలైతే గోదావరి గన్నవరమని, 521తో మొదలైతే కృష్ణా గన్నవరమని తపాలా సిబ్బంది పోల్చుకుంటారు. ఫోన్‌లో చిరునామా చెప్పేవారికి మాత్రం ‘లంకల’ అన్న మాటే గుర్తు.

ఇంటిపేరు లేని మనిషిని ఊళ్లో పోల్చుకోవడం ఎంత కష్టమో, ఒకే పేరున్న ఊళ్లను పోల్చుకోవడమూ అంతే కష్టం. అందుకే కోనసీమలో ఊరి పేర్లకు ముందు పొడి అక్షరాలు వచ్చి చేరాయి. పి.గన్నవరం, కె.గంగవరం అటువంటివే. పొడి అక్షరం దారి చూపుతుంది గానీ కథ చెప్పదు. ‘లంకల’ అన్న ముందుమాట ఆ ఊరి స్వరూపాన్నే చెబుతుంది. నదీపాయల నడుమ మేట వేసి తేలిన నేలను లంక అంటారు. యానాం ఎదుట ఉన్న ఎదుర్లంక, వరదలు వచ్చినప్పుడల్లా వార్తల్లోకెక్కే కనకాయలంక ఈ కోవలోనివే. లంక అంటే సారవంతమైన నేల. లంక అంటే దాటాల్సిన నీరు కూడా.

రేవు దాటితే ఆకలి

లంకల గన్నవరం పేరును రాష్ట్రమంతటికీ తెలిపిన డొక్కా సీతమ్మ కథ ఈ ‘దాటాల్సిన నీరు’ దగ్గరే మొదలవుతుంది. ఆమె 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం. వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు కనుక ఆయనను ఊరివారు ‘బువ్వన్న’ అని పిలిచేవారట. మనిషి అసలు పేరును ఆయన పెట్టిన అన్నం మరిపించిందన్నమాట. లంకల గన్నవరానికి చెందిన రైతు డొక్కా జోగన్నతో సీతమ్మకు వివాహమైంది.

ఈ అన్నదానం ఇక్కడే ఇంతగా ఎందుకు సాగిందన్నది ఆలోచించదగిన విషయం. ఆ కాలంలో ఈ ప్రాంతంలో ప్రయాణమంటే కాలినడక, ఎడ్లబండి, పడవ. గాలివాన వస్తే పడవ ఆగిపోతుంది. ఏరు పోటెత్తితే రేవులోనే రాత్రి గడపాలి. బాటసారి ఏ వేళకు ఊరు చేరతాడో అతనికే తెలియదు. పూటకూళ్లిల్లు ఉన్నచోట కూడా వేళ దాటితే పొయ్యి ఆరిపోతుంది. వైనతేయ పాయ పక్కనున్న గన్నవరం అటువంటి దారిలో ఉంది. సీతమ్మ ఇంట పొయ్యికి వేళ లేదు. వచ్చినవారి కులం అడగకుండా, అర్ధరాత్రి తలుపు తట్టినా ఆమె వండి పెట్టేవారని నేటికీ చెప్పుకొంటారు. ఆమె గొప్పతనం పెట్టిన విస్తళ్ల లెక్కలో కంటే ఆ వేళగాని వేళలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

నేల కూడా తోడైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువను ఆవలి ఒడ్డుకు చేర్చేందుకు 49 ఖానాలతో అక్విడెక్టు కట్టారు. పాయ కింద, కాలువ పైన. కాలువ నీరు అందిన చోట వరి స్థిరపడింది. ఇల్లాలి మనసు ఎంత పెద్దదైనా గాదె నిండకపోతే బంతి సాగదు. జోగన్న సేద్యం, సీతమ్మ పొయ్యి ఒకదానికొకటి ఆసరాగా నిలిచాయి.

సీతమ్మ ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరారని, దారిలో ఆకలితో అలమటిస్తున్న పెళ్లివారి మాటలు చెవిన పడ్డాయని ఒక కథ ప్రచారంలో ఉంది. కాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మ గారింట భోజనం దొరుకుతుందని వారు పిల్లలను ఊరడిస్తున్నారట. ఆమె తీర్థయాత్ర మానుకొని వెనుదిరిగి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేయించారంటారు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వచ్చినా ఆమె ఊరు కదలలేదని, చివరకు ఆమె చిత్రపటాన్నే తీసుకెళ్లారని కూడా చెబుతారు. 1909లో ఆమె కన్నుమూశారు.

తోడు, చేబదులు

నిత్యాన్నదానం అందరికీ సాధ్యమయ్యేది కాదు. కానీ పంచుకోవడానికి తెలుగు ఇళ్లలో చిన్న చిన్న మాటలు చాలా ఉన్నాయి. పాలు తోడుపెట్టడానికి పొరుగింటి నుంచి తెచ్చుకునే చెంచాడు పెరుగు పేరు ‘తోడు’. పక్కన నిలిచే మనిషినీ అదే మాటతో పిలుస్తాం. పత్రం లేకుండా ఇచ్చిపుచ్చుకునేది ‘చేబదులు’. గ్లాసుడు పంచదార, పిడికెడు కరివేపాకు, పనస కాయ కొట్టిన రోజున పొట్టులో సగం ఈ లెక్కలోకే వస్తాయి. దీపాలు పెట్టే వేళ పాలు, పెరుగు, ఉప్పు ఇంటి గడప దాటించకూడదన్న పట్టింపు ఉంది. అది కూడా పగలంతా ఇవ్వడానికి అభ్యంతరం లేదని చెప్పడమే. నెయ్యి పొట్లాలు, పెరుగు పొట్లాలు వీధి చివరి దుకాణంలో దొరుకుతున్నప్పుడు తోడు కోసం గిన్నె పట్టుకొని వెళ్లేవారు సహజంగానే తగ్గారు.

వరద రోజుల్లో మాత్రం పాత అలవాట్లు తిరిగి వస్తాయి. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోని గ్రామం. నిత్యావసరాలకు, మందులకు ఆ ఊరివారికి దగ్గరి దారి ఇవతలి ఒడ్డున పి.గన్నవరం మండలంలోని చాకలిపాలెం. కాజ్‌వే మునిగితే జిల్లా సరిహద్దుతో పనిలేదు, పడవే గతి. ఆవలికి వెళ్లే ఒక్క మనిషి చేతిలో నాలుగిళ్ల సంచులు ఉంటాయి.

బోర్డు మీది పేరు, నోటి మీది పేరు

పాత అక్విడెక్టు పక్కనే కట్టి, 2000లో అందుబాటులోకి తెచ్చిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పొలాలకు నీరు, ఊళ్లకు దారి రెండూ దానిమీదనే సాగుతాయి. రేవులో పడవ కోసం కాచుకున్న బాటసారులకు అన్నం పెట్టిన మనిషికి ఇంతకంటే తగిన గుర్తు దొరకడం కష్టం. అయినా వాడుకలో అది ఉత్త ‘అక్విడెక్టు’గానే మిగిలింది. యానాం - ఎదుర్లంక వారధికీ ఇదే అనుభవం. జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టినా, చాలామంది నోట అది ‘ఎదుర్లంక వంతెనే’. జనం పనికి పనికొచ్చే పేరునే పట్టుకుంటారు, అందులో అగౌరవం ఏమీ లేదు. అయితే చెప్పేవారు లేకపోతే ఆ సీతమ్మ ఎవరో తెలియని తరం రావడానికి ఎంతో కాలం పట్టదు.

2024లో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. దీంతో గోదావరిని ఎన్నడూ చూడని అనంతపురం, శ్రీకాకుళం పిల్లలకు కూడా ఆ పేరు పరిచయమైంది. లంకల గన్నవరం ఎక్కడుందని ఆ పిల్లలు అడిగితే పంతులుగారు ముందుగా చెప్పాల్సింది, అది విమానాశ్రయం ఉన్న గన్నవరం కాదని.