పాత ట్రాక్టరు మొరాయిస్తే: రెంచీ పట్టకముందు చూడవలసినవి

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ నీరు చిట్టచివరగా అందే భూములు మన కర్లపాలెం వైపువి. నీరు వచ్చిన నాలుగు రోజుల్లోనే దమ్ము పూర్తి కావాలి, నాట్లు పడాలి. అప్పుడు ట్రాక్టరు ఆగిపోతే రైతుకు అదును పోతుంది, డ్రైవరుకు ఆ రోజు జీతం పోతుంది, నాట్లకొచ్చిన ఆడకూలీలకు పని పోతుంది. మన హాస్టలు విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఆ డ్రైవర్లు, ఆ కూలీలే. మా నాన్నగారు కూడా ఇతరుల ట్రాక్టర్లు తోలినవారే. మా ఇంట్లో డిగ్రీ దాటినది మేమే మొదలు. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చదువుతుండగా మాకు అర్థమైన సంగతి ఒకటుంది. మనం పాఠంగా చదివే పాస్కల్ సూత్రమే ట్రాక్టరు లిఫ్టులో పనిచేస్తోంది. అందుకే ఈ వ్యాసం.

పాత బండి విషయంలో గుర్తుంచుకోవలసిన నియమం ఒక్కటే. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చయ్యే పని చివర. హెడ్డు దింపమని మెకానిక్ చెప్పేలోగా మనం చూడగలిగినవి చాలా ఉన్నాయి.

ఇంజను స్టార్టు కాకపోతే

డీజిల్ ఇంజనులో ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలో నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఇంజనుకు కావలసినవి మూడు: డీజిల్, గాలి, నొక్కుడు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సరు వైపు చూడాలి. పొగ బొత్తిగా రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదని అనుమానించాలి. ట్యాంకులో డీజిల్ ఉందా, కాక్ తెరిచి ఉందా, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందా, ఫిల్టరు అడుగున నీరు చేరిందా అని వరుసగా చూడాలి. ఇవన్నీ బాగుంటే లైనులో గాలి పట్టి ఉంటుంది. గాలి నొక్కుకుపోతుంది గనుక పంపు ఎంత కొట్టినా నాజిల్ తెరుచుకునే ఒత్తిడి రాదు.

గాలి తీయడానికి ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీటను కొట్టాలి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించాలి. తరువాత ఎఫ్.ఐ. పంపు స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి. చేతి మీట ఆడకుండా వదులుగా ఉంటే పంపు చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. లోపలి క్యామ్ దాన్ని నెట్టి పట్టి ఉండవచ్చు. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టాలి.

ఒక హెచ్చరిక. నాజిల్ చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఆలస్యమైతే వేలే తీసేయవలసి రావచ్చు.

పొగ చెప్పే జబ్బు

నల్లపొగ వస్తే గాలి చాలలేదు, లేదా బరువు ఎక్కువైంది. నూర్పిళ్ళ దుమ్ముతో ఎయిర్ క్లీనరు నిండిందేమో చూసి శుభ్రం చేయాలి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. రింగులో, వాల్వు గైడ్లో అరిగి ఉంటాయి. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఈ చివరి రెండింటికే మెకానిక్ అవసరం.

లిఫ్టు లేవకపోతే

వెనుక మూడు చేతులతో పనిముట్టును పట్టి, ఆయిలు బలంతో ఎత్తే పద్ధతిని రూపొందించినవాడు ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. 1938లో ఆయనకూ హెన్రీ ఫోర్డుకూ కుదిరిన ఒప్పందం మీద 1939లో ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టరు వచ్చింది. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసీ-హ్యారిస్‌తో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్ సహకారంతో 1960లో మద్రాసులో టాఫే ఏర్పడింది. మన ఊళ్ళలో తిరిగే 1035 బండి ఆ వంశానిదే.

ఇందులో జరిగేది పాస్కల్ సూత్రమే. ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు ఉందనీ, పిస్టన్ వైశాల్యం 44 చదరపు సెంటీమీటర్లు ఉందనీ అనుకుందాం. పిస్టన్ మీద 4,400 కిలోల బలం పడుతుంది. పిస్టన్ కదిలేది కొద్ది దూరమే. చేతుల చివర దూరం పెరిగి, ఆ మేరకు బలం తగ్గుతుంది.

మాసీ పాత బండ్లలో పంపు వెనుక హౌసింగులో ఆయిలులో మునిగి ఉంటుంది. దాన్ని తిప్పేది పి.టి.ఓ. షాఫ్టు. కాబట్టి లిఫ్టు లేవకపోతే, బండి రకాన్ని బట్టి పి.టి.ఓ. లీవరు వేయవలసి ఉంటుందేమో ముందు చూడాలి. ఇంజను తిప్పే గేరు పంపు ఉన్న ఇతర బండ్లకు ఈ మాట వర్తించదు. రెండవది ఆయిలు మట్టం. మూడవది ఆయిలు రంగు. మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసిందన్నమాట. దమ్ము చేసే బండికి సీళ్ళలోంచి నీరు చేరడం మామూలే. గేర్లకూ లిఫ్టుకూ అదే ఆయిలు గనుక వెంటనే మార్చాలి, లేకుంటే బేరింగులు కూడా పోతాయి. నాలుగవది జాలీ, అంటే స్ట్రెయినరు మూసుకుపోవడం.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎత్తిన గొర్రు ఇంజను ఆపగానే దిగిపోతుంటే లోపల పిస్టన్ రింగో, ఓ-రింగో, వాల్వో కారుతోంది. ఖాళీగా లేచి బరువుకు లేవకపోతే పంపు అరిగినా, రిలీఫ్ వాల్వు ముందే వదిలేస్తున్నా కావచ్చు. ఏదైనా సరే, లేచి ఉన్న పనిముట్టు కిందికి దుంగ ఊతం పెట్టకుండా దూరరాదు.

మనం చేయకూడనివి, చేయగలిగినవి

ఎఫ్.ఐ. పంపు సీలు తెంపరాదు. దాన్ని టెస్టు బెంచి మీదే సరిచేయాలి. ఈ పని నచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిలో పూర్తవుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనుక్కెళ్ళండి. ఆయిలు ఎప్పుడు మార్చారు, ఫిల్టరు ఎప్పుడు వేశారు, పొగ ఏ రంగులో వచ్చింది, ఏం చేస్తే తగ్గింది అన్నవి నాన్ననడిగి తేదీలతో రాయండి. బండి పాడైతే తప్పు డ్రైవరు మీదికి రావడం మన ఇళ్ళలో కొత్త కాదు. రాసిన తేదీ ఉంటే ఆయన తరఫున మాట్లాడేందుకు ఒక కాగితం ఉంటుంది. ఆయన చేతులకు తెలిసినదాన్ని అక్షరాల్లో పెట్టడం మన చదువు చేయగలిగిన మొదటి సాయం.