స్టీరింగు వదులైతే ముందే పెట్టె బిగించకండి

ఏజెన్సీలో తారురోడ్డు ఆగిన చోట జీపు ప్రయాణం మొదలవుతుంది. సంత రోజున మనుషుల్నీ, బస్తాల్నీ కొండ మీదికి చేర్చేది అదే. బొర్రా నుంచి కటికి జలపాతం చూడబోయేవారిని తీసుకెళ్లేదీ అదే. మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. ఆ వంశానికి చెందిన పాత ఫోర్ వీల్ బండ్లకు వయసుతోపాటు వచ్చే జబ్బు ఒకటుంది. స్టీరింగు వదులవుతుంది. చేతిలో అది ఇటూ అటూ ఆడుతుంది, బండి మాత్రం తన దారిన తాను పోతుంది. చదును నేల మీద ఇది చిరాకు. ఒక పక్క లోయ ఉన్న ఘాట్ మలుపులో ఇది ప్రాణం మీది మాట.

ఎంత ఆడితే తప్పు?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది దీనికి హద్దు గీసింది. స్టీరింగు ఖాళీగా ఆడటం 30 డిగ్రీలకు మించరాదు. గడియారంలో 12 అంకెకూ 1 అంకెకూ నడుమ ఉన్నంత దూరమన్నమాట. అడ్డం 16 అంగుళాలున్న స్టీరింగు అయితే అంచున సుమారు 4 అంగుళాలు. ఇది చట్టం ఒప్పుకునే చివరి హద్దు. అందాకా ఆగవచ్చని కాదు. మొన్నటి కంటే ఇవాళ ఎక్కువ ఆడుతున్నదంటే బండిని చూపించవలసిన వేళ వచ్చినట్టే.

షెడ్డుకు పోగానే చాలా చోట్ల జరిగేది ఒకటే. స్టీరింగు పెట్టె మీది స్క్రూను ఒక చుట్టు బిగిస్తారు. ఆ రోజుకు గట్టిపడినట్టే ఉంటుంది. కాని పెట్టె లోపల ఎక్కువగా అరిగేది నడిమి భాగం, అంటే బండి తిన్నగా పోయేటప్పుడు పనిచేసే చోటు. ఆ అరుగుదలను బిగింపుతో పోగొట్టబోతే, అరగని పక్కల్లో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంత తాను వెనక్కి రాదు. అసలు జబ్బు కింద మరోచోట ఉంటే అలాగే ఉండిపోతుంది.

ఇద్దరుంటే చాలు

కారణం కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగును కొద్ది మేర ఇటూ అటూ ఊపుతుండాలి. రెండోవారు కింద ఒక్కొక్క కీలునూ వరసగా చూడాలి. పెట్టెలోకి దిగే కడ్డీ, పెట్టె నుంచి బయటికి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింకు, పాత నమూనాల్లో ఉండే బెల్ క్రాంకు, టై రాడ్డు ఎండ్లు, చివరికి చక్రం.

ఒక భాగం కదిలి, దాని తరువాతిది కదలకపోతే జబ్బు ఆ రెంటి నడుమ ఉన్నట్టే. పొలం కాలువకు గండి ఎక్కడ పడిందో వెతకడం లాంటిదే ఇదీ. ఇక్కడిదాకా నీరుంది, అవతల లేదు. గండి ఈ మధ్యనే.

పెట్టెను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులనూ అప్పుడే చూడాలి. పెట్టె మొత్తం కదులుతుంటే లోపల ఎంత బిగించినా లాభం లేదు. బోల్టుల చుట్టూ ఛాసిస్ చీలి ఉంటే బండిని తిప్పకూడదు.

తరువాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద గట్టి దిమ్మ పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడుతుంటే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ఆట ఆగిపోతే చక్రం బేరింగు వదులు. ఆగకపోతే కింగ్ పిన్ను దగ్గర అరుగుదల. కుడి ఎడమల పట్టి ఊపినప్పుడే ఆడితే టై రాడ్డు ఎండ్లను అనుమానించాలి. ఈ ఎండు అరిగి అరిగి ఊడిపోతే స్టీరింగు ఎంత తిప్పినా ఆ చక్రం మాట వినదు.

ఎత్తు పెంచిన బండి సంగతి

రాళ్లదారిలో అడుగు తగలకుండా కొందరు జీపు ఎత్తు పెంచుతారు. కమాన్ కట్టలకు పట్టీలు చేరుస్తారు, పొడవు షాకిళ్లు వేస్తారు. వీటిలో కీళ్లన్నీ గట్టిగా ఉన్నా బండి ఒక్కోసారి తిన్నగా పోదు. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. జీపు కింగ్ పిన్నులకూ అలాంటి వాలే ఉంటుంది. బండి తిన్నగా పోవడానికి ఆ వాలు అవసరం. ఎత్తు పెంచినప్పుడు యాక్సిల్ తిరిగి ఆ వాలు తగ్గితే బండి రోడ్డంతా తిరుగుతుంది. కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ నడుమ తగిన ఏటవాలు పలక వేయించి, వాలు కొలిపించడమే దానికి మందు.

గుంతలో పడినప్పుడు స్టీరింగు దానంతటది తిరుగుతుంటే, ఎత్తు వల్ల డ్రాగ్ లింకు మరీ ఏటవాలైందని అనుమానించాలి. గుంత తగలగానే ముందు చక్రాలు గడగడ వణికితే అరిగిన కీళ్లు, షాకిల్ బుష్షులు, టైర్ల బ్యాలెన్సు, వాలు అన్నీ చూడాలి. అప్పుడు గేరు తగ్గించి నెమ్మదిగా ఆపుకోవాలి.

ఎత్తు పెంచేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది.

అరిగినవన్నీ మార్చి, గ్రీజు కొట్టించి, ముందు చక్రాల టో-ఇన్ సరిచేయించాక ఇంకా ఆట మిగిలితే, అప్పుడు పెట్టె విప్పించవచ్చు. ఇద్దరు మనుషులు, ఒక జాకీ, కాస్త ఓపిక. సంత ముందురోజు సాయంత్రం ఈ పని చేసుకుంటే, మర్నాడు వెనక సీట్లో కూర్చున్న వాళ్లందరూ క్షేమంగా ఇళ్లకు చేరతారు.