పెళ్లితో తగ్గే జబ్బు కాదిది!

‘పెళ్లి చేస్తే వాడే దారిలోకొస్తాడు.’ కొడుకు బ్రౌన్ షుగర్‌కి అలవాటు పడ్డాడని తెలియగానే పెద్దవాళ్లు చెప్పే వైద్యం ఇదే. నేను ఎన్నోసార్లు విన్నాను. వచ్చే పిల్లకి మాత్రం సంగతి చెప్పరు! ఇంకో వైద్యం గదిలో పెట్టి తాళం వెయ్యడం.

హెరాయిన్ ఆపిన కొన్ని గంటలకే ఆవులింతలు, ముక్కూ కళ్లూ కారడం, ఒళ్లునొప్పులు, విరేచనాలు మొదలవుతాయి. వారం పదిరోజుల్లో చాలావరకు తగ్గుతాయి. ‘హమ్మయ్య, మానేశాడు’ అనుకుంటాం. కానీ ఆ కోరిక నెలల తరబడి వదలదు. పైగా ఈలోగా ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగి ప్రాణమే పోవచ్చు.

దీనికి దారి వెతికినవాళ్లలో ఒక మహిళ ఉన్నారు. ఆవిడ న్యూయార్క్ మానసిక వైద్యురాలు డాక్టర్ మేరీ నిస్వాండర్. 1964లో డాక్టర్ విన్సెంట్ డోల్, డాక్టర్ మేరీ జీన్ క్రీక్‌లతో కలిసి రోగులకు ముందు మార్ఫిన్ ఇచ్చి చూశారు. వాళ్లు తర్వాతి మోతాదు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. మెథడోన్‌కి మార్చాక చదువు మీదా, పని మీదా ధ్యాస మళ్లింది. నోటితో తీసుకునే ఈ మందు సరైన మోతాదులో రోజంతా బాధ రానివ్వదు, మైకమూ ఎక్కించదు. 22 మంది రోగుల అనుభవాన్ని 1965లో ప్రచురించారు.

‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగట్టడమేగా?’ అంటారేమో. షుగర్ రోగి రోజూ ఇన్సులిన్ తీసుకుంటే వ్యసనం అంటామా? ఇదీ డాక్టరు కనుసన్నల్లో, కొలిచి ఇచ్చే మందే. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నీ, బుప్రెనార్ఫిన్‌నీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో ఎక్కువగా వాడేది నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాలి. తోడుగా కౌన్సెలింగ్ ఉండాలి. కాస్త బాగుందని మనంతట మనం ఆపకూడదు సుమా!

మరి ఎక్కడికి వెళ్లాలి?

పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14446 నంబరుకి ఫోన్ చేస్తే కేంద్రాల వివరాలు చెబుతారు, డబ్బు పడదు. పోలీసు కేసవుతుందని జంకుతున్నారా? మత్తుమందుల చట్టం (1985) 64-ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం లేదా కొద్దిపాటి సరుకు కేసుల్లో, గుర్తింపు ఉన్న కేంద్రంలో తనంతట తాను చికిత్సకి చేరి పూర్తి చేసుకున్న బాధితుడికి శిక్ష నుంచి రక్షణ ఉంది.

చికిత్స సాగుతుండగా సంబంధం వస్తే, ఆ అమ్మాయికి నిజం చెప్పండి. తెలిసి ఒప్పుకోవడమా, వద్దనడమా అన్నది ఆమె ఇష్టం.