ఊరికీ కోర్టుకీ మధ్య ఒక మనిషి

భర్త చనిపోయిన ఒకామె ఉంది. ఆమె పొలాన్ని మరిది దున్నుకుంటున్నాడు. కోర్టుకు పోదామంటే చేతిలో డబ్బు లేదు. వకీలు ఫీజు ఎక్కణ్ణించి తేవాలి? "మనకెందుకులే కోర్టులు" అని ఊరుకుంది. ఇలా ఊరుకునేవాళ్లు ఎంతోమంది. హక్కు ఉండి కూడా పోగొట్టుకుంటారు.

ఇలాంటివాళ్ల కోసం 1987లో ఒక చట్టం చేశారు. దాని పేరు న్యాయ సేవాధికార సంస్థల చట్టం. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు, జైల్లో ఉన్నవారికి ప్రభుత్వమే ఉచితంగా వకీలును పెడుతుంది. వీళ్లకు ఆదాయం ఎంత అని చూడరు. మిగతా పేదలకు ఆదాయ పరిమితి ఉంది.

చట్టం ఉంటే చాలదు. ఉందని ఊళ్లో ఎవరు చెప్పాలి? అందుకే 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం పెట్టారు. పారా లీగల్ వాలంటీర్ అంటే న్యాయ సహాయకుడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వీళ్లను ఎంచుకుంటుంది. శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇస్తుంది.

వీళ్లేం చేస్తారు? అర్జీ రాసిపెడతారు. కాగితంలో ఏముందో చదివి చెబుతారు. వకీలు కావాలంటే న్యాయ సేవా సంస్థకు తీసుకుపోతారు. ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే స్టేషనుకు వెళ్లి, సాయం అందేలా చూస్తారు. ఇద్దరూ రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్ దారి చూపిస్తారు. అక్కడ ఇచ్చిన తీర్పుకు కోర్టు తీర్పుకున్నంత విలువ ఉంటుంది. దానిమీద అప్పీలు లేదు. అందుకే బాగా ఆలోచించుకుని ఒప్పుకోవాలి.

న్యాయ సహాయకుడు వకీలు కాడు. కోర్టులో వాదించడు. సాయానికి వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఈ పని ఎవరు చేయవచ్చు? టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన ఉద్యోగులు, న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు చేయవచ్చు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం కోసం చూస్తున్న యువతకు కూడా ఇది మంచి అనుభవం. అయితే ఇది నెల జీతం ఉద్యోగం కాదు. పని చేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు.

ఇంకో మాట. దీనికి డిగ్రీయే ఉండాలని లేదు. పది పాసైతే మంచిదే. కానీ చదవడం, రాయడం వచ్చి, విషయం అర్థం చేసుకోగలిగితే చాలు. పొదుపు సంఘాల మహిళలు కూడా చేరవచ్చని పథకంలోనే ఉంది. అంటే నిన్న పలక పట్టిన అక్క రేపు పది మందికి దారి చూపవచ్చు.

సాయం కావాలంటే 15100 నంబరుకు ఫోను చేయండి. దీనికి డబ్బు పడదు. చదవకుండా మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి.

ఆలోచించండి:
మీ ఊళ్లో న్యాయ సహాయకులు ఉన్నారా?
లేకపోతే ఆ పనికి ఎవరు తగినవాళ్లు? మీరే ఎందుకు కాకూడదు?