వేలూరి ఎండలో వివాల్డి

1938వ సంవత్సరమున వేలూరు పట్టణమందు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు, పక్కవాద్యమునకు మాత్రమే తగునని రసికలోకము అంతకుముందే తీర్మానించియుంచిన ఫిడేలును వేదిక నడుమ నిలిపి, గాత్రము తోడు లేకయే నిండుకచేరి చేసిరి. దక్షిణదేశమున ఫిడేలునకు జరిగిన తొలి స్వతంత్ర కచేరిగా దానిని సంగీతచరిత్రకారులు పేర్కొందురు. అప్పటికి నాయుడుగారు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలకు అధ్యక్షులు. ఆ గౌరవము విజయనగరమునకు గాని బెజవాడకు గాని దక్కక పాలారు తీరమునకు దక్కెనేమని కొందరు నొచ్చుకొనవచ్చును గాని, గుడియాత్తము మొదలు అణైకట్టు వఱకు ఈ సీమలో తెలుగు మాటాడు ఇండ్లు ఎన్నియో యుండగా, చిత్తూరు ఇంత చేరువ నుండగా, దీనిని పరాయిగడ్డ యనుటకు నాకు మనసొప్పదు.

వాద్యము తానొక్కటియే సభను శాసింపవచ్చునను ఈ ధైర్యము పశ్చిమదేశమున అంతకు రెండువందల యేండ్లకు పూర్వమే వెనిసు నగరమున స్థిరపడినది. ఎఱ్ఱని జుట్టు గల పూజారి యొకడు, ఆంటోనియో వివాల్డి, 1703లో పియెటా యను అనాథాశ్రమమున బాలికలకు ఫిడేలు నేర్పు ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ బాలికలు మేడమీది జాలీల వెనుక నిలిచి వాయింపగా, ముఖములు కానరాని ఆ నాదమును వినుటకు యూరపులోని యాత్రికులెల్లరు వచ్చుచుండిరి. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చుపడిన వివాల్డి పండ్రెండు కన్‌చెర్టోల, అనగా ఒకటిగాని కొన్నిగాని వాద్యములు బృందముతో సంవాదించు రచనల, సంపుటి జర్మనీ చేరి, అక్కడ బాఖ్ వంటి మహానుభావుని చేత పాఠ్యగ్రంథమువలె అధ్యయనము చేయబడెను. నాలుగు ఫిడేళ్లకు వ్రాసిన అందలి పదవదానిని బాఖ్ నాలుగు హార్ప్సికార్డులకు మార్చి వ్రాసికొనెను. గురువు లేని చోట గ్రంథమునే గురువుగా భావించి ఎత్తి వ్రాసికొనుట మన పండితులకును తెలిసిన అభ్యాసమే.

కర్ణాటక సంగీతమునకు అలవడిన చెవితో కన్‌చెర్టోను విన కూర్చుండువానికి మొదట సంతోషము, పిదప ఒక చిక్కు కలుగును. వాద్యబృందమంతయు కలిసి ఎత్తుకొను మొదటి వాక్యము, ఏకైక ఫిడేలు విహారము ముగిసినప్పుడెల్ల తిరిగి వచ్చుచుండును గనుక, అది పల్లవియే యని మన మనస్సు సులువుగా గుర్తించును. చిక్కెక్కడనగా, ఆ పల్లవి తిరిగి వచ్చినప్పుడు బయలుదేరిన చోటికే రాదు. మనకు తంబురా మీటిన ఆధారషడ్జము కచేరి ముగియువఱకు కదలదు. వారికి షడ్జమే ప్రయాణము చేయును. అదే వాక్యము ఒకసారి పంచమమును షడ్జముగా చేసికొని, మరియొకసారి విషాదచ్ఛాయగల వేఱొక స్థానమును ఆశ్రయించి, చివరకు ఇల్లు చేరును. శ్రుతి తప్పినదేమో యని ఉలికిపడక, ఇల్లు విడిచిన కథానాయకుని వెంట నడచినట్లు వినగలిగిననాడు వివాల్డి, బాఖ్‌ల కాలపు ఈ బరోక్ సంగీతము తలుపు తెఱచును. శంకరాభరణము ఎఱిగిన చెవికి బాఖ్ ఇ మేజర్ కన్‌చెర్టో మొదటి మూడు స్వరములలోనే చుట్టఱికము తెలిసిపోవును. దాని నడిమి భాగములో, క్రింది తంత్రులు ఒకే వాక్యమును పట్టువిడువక మరల మరల పలుకుచుండగా పైన ఫిడేలు దీర్ఘముగా నిట్టూర్చును.

ఇక 1725లో వెలువడిన నాలుగు ఋతువుల కన్‌చెర్టోలు. లోకమంతట వసంతమే ప్రసిద్ధి. పెండ్లివిందులలోను, హోటళ్ల లిఫ్టులలోను, ఫోనులందు వేచియుండుమని చెప్పునప్పుడును వసంతమే మ్రోగును. మాకు మాత్రము గ్రీష్మమే ఆప్తము. మే నెలలో నలువది డిగ్రీలు దాటు ఎండను అనుభవించు వేలూరివానికి హేమంతమున పండ్లు గీటుకొను ఫిడేళ్లను ఊహించుకొనవలెను గాని, గ్రీష్మమును ఊహింపనక్కరలేదు. వివాల్డి వేసవి ఉత్సాహవంతమైన ఋతువు కాదు. ఆరంభమున తంత్రులు రెండు స్వరములు పలికి ఆగిపోవును, మరల రెండు పలికి ఆగును. రోహిణీకార్తె మధ్యాహ్నమున అరుగుపై కూర్చున్నవాడు మాట పూర్తి చేయలేక విడిచినట్లే యుండును. ఆ నిస్త్రాణ నుండి కోకిల యొకటి, దాని వెనుక గువ్వ, అటుపై ఉత్తరపు గాలి. గాలి తిరిగినదని గ్రహించిన గొల్లపిల్లవాని రోదనము ఏకైక ఫిడేలు మీద, అడుగున మంద్రతంత్రులు మాత్రమే తోడుగా. రెండవ భాగములో వాడు నిద్రింపజూచును; ఫిడేళ్లు ఈగలై ముసురును; మధ్యమధ్య బృందమంతయు ఒక్కపెట్టున ఉఱుమును. మూడవది వడగండ్లవాన. జవ్వాది కొండల మీదుగా చీకటి గ్రమ్మి సాయంకాలము ఈదురుగాలి లేచుటను చూచినవారికి ఈ క్రమములో ఒక్క అంశమును క్రొత్త కాదు, వాన నిజముగా పడుట తప్ప.

వివాల్డి 1741లో వియన్నాలో పేదవాడై మరణించిన పిదప ఈ సంగీతమంతయు దాదాపు మఱుగుపడిపోయెను. 1920ల చివరను ఆయన వ్రాతప్రతులు రాశులుగా దొరకి ట్యూరిన్ గ్రంథాలయమునకు చేరుటతో పునర్జన్మ కలిగినది. 1950లలో ఫెలిక్స్ అయో నాయకత్వమున ఇ మూజిచి బృందము చేసిన రికార్డులు ఇంటింటికి ప్రాకినవి. ఆ వాదనము వెన్నవలె మృదువు. ఆ తరమువారు వివాల్డియనిన ఇట్లే యుండునని నమ్మిరి. 1977లో నికొలౌస్ హార్నన్‌కోర్ట్ తన బృందముతో, ప్రేగుతంత్రులు కట్టిన పాత ఫిడేళ్లతో, వెలుపలికి వంగిన పొట్టి కమానులతో వాయించిన ఋతువులు వినినవారు కొందరు నిజముగనే కోపించిరి. వసంతము నడిమి భాగమున కుక్క మొఱుగవలసిన చోట వయోలా మొఱిగినది గదా, మఱి తప్పేమి? 1989లో నైజెల్ కెన్నెడీ ఋతువుల రికార్డు ఇరువది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. 1991లో ఫాబియో బియోండి, అటుపై జులియానో కార్మిన్యోలా మొదలైన ఇటలీవారు ఆ ప్రేగుతంత్రుల మార్గముననే మెఱుపులు చిందించిరి. వీరిలో కొందరు తుపానును ఎంత త్వరగా ముగింపగలమాయని పందెము వేసికొన్నట్లు వాయింతురనియు, వడగండ్లు లెక్కపెట్టుటకైనను వ్యవధి యుండవలెననియు నా మనవి.

కాని ఈ నవ్యప్రాచీనులు మనకు చేసిన ఉపకారమొకటి కలదు. శరత్తు కన్‌చెర్టో నడిమి భాగమున, త్రాగి సోలిన పల్లెవారు నిద్రించుచుండగా తంత్రులు దీర్ఘస్వరములు పట్టి నిలుచును. హార్ప్సికార్డు స్వరములను విడదీసి వాయింపవలెనని మాత్రము వివాల్డి సూచించి ఊరకుండెను. పాత రికార్డులలో ఆ వాద్యము వినబడీ వినబడక సాగును. నేటివారిలో ఆ వాద్యకారుడు తన మనోధర్మముతో ప్రతిసారి వేఱువేఱుగా అల్లును. నిదాన గతిలోని ఫిడేలు వాక్యములను సైతము వ్రాసినంతమాత్రము వాయింపక అలంకరించుట ఆనాటి మర్యాద. కాగితముపై నున్నది అస్థిపంజరమే, రక్తమాంసములు వాద్యకారునివి అను సంగతి త్యాగరాజకృతి వినువానికి ఎవరును నేర్పనక్కరలేదు. యూరపు మాత్రము దానిని మఱచి, నూటయేబది యేండ్ల పిదప శ్రమించి మరల నేర్చుకొన్నది.

వాద్యమున కూడ ఇట్టి విడ్డూరమే కలదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు మద్రాసు కోటలోని ఇంగ్లీషు బ్యాండువారి నుండి ఫిడేలు గ్రహించిన నాటికి, గడ్డము ఆనించుకొను పట్టెను జర్మనీలో స్పోర్ ఇంకను కల్పింపలేదు. వారు తరువాత గడ్డముతో వాద్యమును బిగించి పట్టిరి; మనవారు నేలపై కూర్చుండి దాని తలను పాదమునకు ఆనించి, ఎడమచేతిని గమకములకై స్వేచ్ఛగా విడిచిరి. ఇరువురును ఒకే బాల్యము నుండి బయలుదేరినవారే.

1952లో నెహ్రూగారి ఆహ్వానముపై భారతదేశము వచ్చిన ఫిడేలు విద్వాంసుడు యెహూది మెనూహిన్, మద్రాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనము వినెను. దృష్టి మందగించిన ఆ పెద్దాయన నిడుపైన కమాను వ్రేటుతో, తొందరలేని నాదముతో వాయించుచుండగా, పదునాఱేండ్ల ప్రాయమున 1932లో తన గురువు ఎనెస్కూతో కూడి బాఖ్ జంట ఫిడేళ్ల కన్‌చెర్టోను రికార్డు చేసినవాడు ఎదుట కూర్చుండియుండెను. ఆ రికార్డు నేటికిని దొరకును. చారిత్రక శుద్ధి కోరువారు దానిలో దోషములు లెక్కింతురు. కమాను తప్పు, కంపము అధికము, బృందము పెద్దది. అయినను దాని నడిమి భాగమును విని, పిదప ద్వారంవారి గ్రామఫోను రికార్డులలో ఆలాపన యొకటి వినుడు. ఆ తరువాత కార్మిన్యోలా గ్రీష్మము. గ్రీష్మమును మధ్యాహ్నము రెండు గంటలకు, ఫ్యాను ఆపి వినవలెను. 2012లో మాక్స్ రిఖ్టర్ అనువాడు వివాల్డిని విఱిచి మరల కూర్చిన ఋతువులు మా పిల్లలకు ప్రియము. నాకు వివాల్డి స్వరములను అంతగా పాఱవేయవలసిన అవసరము తోచలేదు గాని, దానిని విని అసలుదానిని వెదకువారు కలరు గనుక మా యింట నిషేధము లేదు.