ఫారపు గడికి వెలుపలి వ్రాత

హైదరాబాదు పాతనగరమునందలి ఛత్తాబజారు ముద్రణాలయములకును, ఉర్దూ లేఖకులగు కాతిబులకును పేరువడినది. లిథో ముద్రణమున కాతిబు ప్రత్యేకమగు సిరాతో కాగితముపై వ్రాసినదియే రాతికెక్కుచుండెను. ఎక్కిన పిమ్మట దిద్దుట కష్టము. కనుక దిద్దుబాటంతయు కాగితముపైననే ముగియవలెను. వ్రాయుచోటు వేఱు, నిలుపుచోటు వేఱు అను ఈ వివేకము నేడు బ్రౌజరులోని ఫారములకును వర్తించునని మా యభిప్రాయము.

పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాస సంగ్రహమును ఫారపు గడిలో నేరుగా టైపు చేయుట తఱచుగా చూచుచున్నాము. ఆ గడి ఇఱుకైనది. వెనుకటి ప్రతులను దాచునది కాదు. లాగిన్ గడువు తీరినచో వ్రాసినదంతయు పోవచ్చును. కావున వెలుపలి ఎడిటరులో వ్రాసి, భద్రపఱచి, పిదప గడిలో నిలుపుట మేలు. ఇందులకై కొన్ని సాధనములు పుట్టినవి. ఫైర్‌ఫాక్సునకు చేర్చుకొను 'ఇట్స్ ఆల్ టెక్స్ట్' అను అనుబంధము గడిలోని పాఠమును తాత్కాలికమగు ఫైలుగా చేసి, ఎడిటరులో తెఱచి, మనము భద్రపఱచిన పాఠమును మరల గడికి చేర్చుచుండెను. 2017 నవంబరులో వెలువడిన 57వ కూర్పుతో పాతపద్ధతి అనుబంధములు నిలిచిపోయినవి. పిమ్మట వచ్చిన 'టెక్స్‌టర్న్' బ్రౌజరు వెలుపల నొక చిన్న సహాయక ప్రోగ్రామును కోరును. దాని మూలముననే ఎడిటరును పిలువగలదు. ఇవి లేకున్నను కాపీ, పేస్టులతోనే పని జరుగును.

అయితే తెలుగువారికి రెండు చిక్కులు కలవు. మొదటిది సంకేతభేదము. డి.టి.పి. అంగడిలో పాత అను ఫాంట్లతో కూర్చిన పాఠమునకు తెలుగు రూపమును ఇచ్చునది ఫాంటే. లోపలి సంకేతములు తెలుగువి కావు. యూనికోడును ఆశించు గడిలో దానిని పేస్టు చేసినచో అర్థములేని గుర్తులు కనబడును. 1994లో వెలువడిన ఇన్‌పేజీ యొక్క పాతకూర్పులలోని ఉర్దూ పాఠమునకును ఇదే గతి. రెంటికిని ముందుగా యూనికోడునకు మార్పిడి అవసరము.

రెండవది పరిమాణము. 'చార్మినార్' అను మాట చూపునకు 4 అక్షరములు. యూనికోడున హల్లులు 5, అచ్చు గుర్తులు 3, పొల్లులు 2, వెరసి 10 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు గనుక 30 బైట్లు. ఫారము '500 అక్షరములు' అని చెప్పినప్పుడు సాధారణముగా లెక్కించునది ఈ సంకేతములనే కాని మన అక్షరములను కాదు. పరిమితి మించిన పాఠమును పేస్టు చేసినచో పెక్కు ఫారములలో చివరిభాగము హెచ్చరిక లేకయే తెగిపోవును. సంగ్రహమున చివర నుండునది సిద్ధాంతము, తెగునదియు అదియే.

కావున యూనికోడున వ్రాయుట, సంకేతములను లెక్కించుట, ప్రతిని భద్రపఱచుట, పేస్టు చేసిన పిదప తుదివాక్యమును సరిచూచుట — ఈ నాలుగింటిని బోధకులు విద్యార్థులకు అలవాటు చేయవలెను. అప్పుడు ఫారము చెడినను మూలప్రతి చేజాఱదు.