మృగశిరకు ముందు చివరి వేట



మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినడం మన ఆనవాయితీ. జూన్ 8 ప్రాంతాన వచ్చే ఆ రోజుకు కామారెడ్డి, ఎల్లారెడ్డి అంగళ్లలో చేపలకు మంచి గిరాకీ. అందుకే రోహిణి ఎండల్లోనే, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లోకి చిన్న తెప్పలు చివరి వేటకు దిగుతాయి. నీరు తగ్గి చేపలు లోతు మడుగులకు చేరే కాలమిది.

మాపటికి వల కట్టి, తెల్లవారుజామున ఎత్తుకోవాలి. పొద్దు నడినెత్తికి రాకముందే ఒడ్డు చేరాలి. రోహిణిలో మధ్యాహ్నం దాటితే గాలిదుమారం చెప్పి రాదు. చిన్న తెప్ప దానికి ఆగదు. ఒక్కరే పోకండి. గాలి నింపిన ట్యూబు ఒకటి తెప్పలో ఉండాలి.

మరొక మాట. రోహు, బొచ్చె వంటి చేపలు వానాకాలంలో కొత్తనీరు రాగానే ఏటికి ఎదురీది గుడ్లు పెడతాయి. వేసవి చివరకే వాటి కడుపులో గుడ్లు పెరుగుతుంటాయి. రోహు తల్లిచేప కిలో బరువుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. పొట్ట ఉబ్బి మెత్తగా ఉన్న చేప వలలో ప్రాణంతో చిక్కితే, తడిచేతితో పట్టి మెల్లగా నీటిలో వదలండి. వల కన్నులు పెద్దవిగా ఉంటే చిన్న చేపలూ తప్పించుకుంటాయి.

“గిరాకీ ఉన్నప్పుడే వదులుకోమంటారా?” అని మీరు అడగవచ్చు. తొలకరి ముందు విత్తనపు గింజలు వండుకు తినే రైతు ఉంటాడా? తల్లిచేప కూడా మనకు విత్తనమే!